కడిగిన చెయ్యి

"మీ కోడలు ఏం చేస్తుందండీ?" అని ఎవరైనా అడిగితే మొదట్లో నాకు చెప్పడానికి నోరొచ్చేది కాదు. ఆటల కంపెనీలో ఇంజనీరు అనగానే, "అబ్బో, రోజంతా ఆడుకోవడమే ఉద్యోగమా" అని నవ్వేవారు. మా మూడో అంతస్తు మాణిక్యాంబగారైతే ఇంకో అడుగు ముందుకేసి, "మా మనవడికీ ఇప్పించండి, వాడూ పొద్దస్తమానం అదే పని" అంది. ఆవిడతో నేను నాలుగు రోజులు మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు, నేనే ఒప్పుకుంటాను.

నా పేరు వరహాలు. విశాఖపట్నం టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ట్రంకు కాల్స్ కలిపే రోజుల్లో చేరి, సూపర్వైజరుగా దిగిపోయాను. ఆ ఉద్యోగం నాకు రెండు మిగిల్చింది. ఒకటి, హెడ్‌సెట్టు తగిలించుకున్న ఎడమ చెవి సగం పోయింది. కోయిల నా ఎడం పక్కన కూస్తే నాకు వినపడదు. రెండోది, శుభ్రం పిచ్చి. ఒకరు దించిన హెడ్‌సెట్టు ఇంకొకరు పెట్టుకోవాలి కాబట్టి స్పిరిట్టు దూదితో తుడిచి తుడిచి, ఇప్పుడు ఇంట్లో తలుపు గొళ్ళేలు కూడా తుడుస్తుంటాను. అందరికన్నా ఎక్కువ బాధ పడేది నా మనవరాలు నీలవేణి. దానికి ఆరేళ్ళు. జేబులో మామిడి తాండ్ర ముక్క లేకుండా అడుగు కదపదు. నేను రోజుకి పదిసార్లు దాని చేతులు కడిగిస్తాను, అది పదకొండోసారి జిగట చేసుకుని వస్తుంది.

నా కొడుకు చంద్రమౌళి ఓడరేవుల్లో పూడిక తీసే డ్రెడ్జరు మీద పనిచేస్తాడు. సముద్రంలోకి వెళ్ళాడంటే రెండు నెలలకి గాని ఇంటి ముఖం చూడడు. అంచేత ఇంట్లో ఉండేది నేనూ, కోడలు వకుళ, నీలూ.

వకుళ పనిచేసే కంపెనీ పేరు తొక్కుడుబిళ్ళ. నవ్వకండి, నేను నవ్వేశాను అప్పట్లోనే. ఋషికొండ మీద ఒక చిన్న మేడలో పద్నాలుగు మంది ఉంటారు. వాళ్ళు ఒక పట్టీ కనిపెట్టారు. గాజులాగ మణికట్టుకి వేసుకోవాలి. అది తెచ్చిన మొదటిరోజు వకుళ నా చేతికి తొడిగి, "కళ్ళు మూసుకోండి అత్తయ్యా" అంది. మూసుకున్నాను. నా అరచేతిలోకి చల్లటి స్టీలు గ్లాసు వచ్చింది. బయట చెమ్మ పట్టి, జారిపోతున్న గ్లాసు. పడిపోతుందేమోనని రెండో చెయ్యి కూడా కింద పెట్టాను. కళ్ళు తెరిస్తే చేతిలో ఏమీ లేదు.

"ఇదేటే?" అన్నాను.

"పొద్దున్న నేను పట్టుకున్న గ్లాసు అత్తయ్యా. నా చేతికి ఎలా తెలిసిందో అలాగే మీ చేతికి పంపించాను."

అప్పుడు నాకు నిజంగా ఒళ్ళు ఝల్లుమంది. పాతికేళ్ళ వయసులో మొదటిసారి ఢిల్లీ నుంచి ఒక గొంతుని తెచ్చి గాజువాకలో కలిపినప్పుడు నాకు ఇలాగే అనిపించింది. మాటని దూరం పంపడం నేను చేశాను. ఈ పిల్ల ముట్టుకోవడాన్ని పంపుతోంది. ఇంత గొప్ప పని చేసేదాన్ని పట్టుకుని ఆడుకుంటోందంటారా అని మాణిక్యాంబగారి మీద మళ్ళీ కోపం వచ్చింది.

కానీ ఆ ఒక్క గ్లాసుకి తొమ్మిది వందల సార్లు పట్టిందట. ముందు ఒకరు నిజం గ్లాసు పట్టుకోవాలి. పట్టీ దాన్ని రాసుకుంటుంది. తరవాత అదే మనిషి చేతికి తిరిగి అందిస్తుంది. అదేనా, కాదా అని ఆ మనిషే చెప్పాలి, ఎందుకంటే అసలు గ్లాసు తెలిసింది ఆ చేతికే కదా. కాదంటే ఏదో సవరించి మళ్ళీ. కాదంటే మళ్ళీ.

ఆ వారంలోనే వకుళ చేతిలోంచి గ్లాసు జారి పగిలినంత పనైంది. స్టీలుది కాబట్టి సొట్ట పడి ఊరుకుంది. తరవాత చూస్తే నీళ్ళు తాగేటప్పుడల్లా గ్లాసు వంక చూసి, వేళ్ళు బిగించి పట్టుకుంటోంది.

"ఏమైందమ్మా చేతికి?"

"ఏం కాలేదత్తయ్యా. మన ఇంటికి రోజూ వచ్చే చుట్టాన్ని లేచి పలకరిస్తామా? అలాగే తొమ్మిది వందల సార్లయ్యేసరికి నా చెయ్యి ఈ గ్లాసుని పలకరించడం మానేసింది. అంతే."

"మళ్ళీ పలకరిస్తుందా?"

"ముట్టుకోకుండా వదిలేస్తే కొందరికి తిరిగొచ్చింది. కొందరికి రాలేదు," అని నవ్వేసి, సొట్ట గ్లాసుని గూట్లో పెట్టేసింది.

వాళ్ళు తయారుచేస్తున్న ఆట పేరు ఎనిమిది ఏర్లు. వరదలో తప్పిపోయిన ఒక చిన్నపిల్లని చెయ్యి పట్టుకుని ఎనిమిది ఏర్లు దాటించి ఇంటికి చేర్చాలి. తుపాకులు లేవు, పాయింట్లు లేవు. ఆడుతున్నంతసేపూ ఆ పిల్ల చెయ్యి మన చేతిలో ఉంటుంది. అది జారితే ఆట అయిపోయినట్టే. ఒకటిన్నర సంవత్సరంలో విడుదల తేదీ మూడుసార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ ఆదివారాలు పోయేవి. నెలరోజులు కష్టపడి ఆటలో కట్టిన వంతెనని ఒక పూటలో తీసి పారేసేవారు. వకుళ ఇంటికొచ్చి, "ఇవాళ బాగా పని జరిగిందత్తయ్యా, నా పని మొత్తం చెరిపేశాం" అని పడీపడీ నవ్వేది. నాకైతే ఏడుపొచ్చేది. మా ఎక్స్ఛేంజిలో కలిపిన కాల్ కలిపినట్టు ఉండేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం. విడుదలకి ఇరవై రోజులుంది. ఆ రోజు వకుళ తొందరగా వచ్చి, నీలుని బడి నుంచి తీసుకొస్తానని వెళ్ళింది. నేను కూరలు కొనుక్కుని రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. ఇద్దరూ గేటులోంచి వచ్చారు. వకుళ నీలు చెయ్యి పట్టుకుని, ఏదో చెబుతూ రోడ్డు మీదికి దిగింది. సగం రోడ్డు దాటాక నీలు జేబులోంచి తాండ్ర ముక్క కింద పడింది. అది తల్లి చేతిలోంచి తన చెయ్యి లాక్కుని వంగింది.

వకుళ ఆగలేదు. చెయ్యి అలాగే ముడిచి పట్టుకుని, పక్కకి తిరిగి మాట్లాడుతూ, ఇవతలికి వచ్చేసింది. ఎనిమిది అడుగులు వచ్చింది. సిటీ బస్సు బ్రేకు కీచుమన్న చప్పుడు నా కుడి చెవిలో ఇప్పటికీ ఉంది.

పిల్లకి ఏమీ కాలేదు. డ్రైవరు తల బయట పెట్టి తిట్టాల్సినవన్నీ తిట్టాడు, నేను నోరెత్తలేదు. నేను వకుళనే చూస్తున్నాను. వెనక్కి తిరిగినప్పుడు ఆమె ముందు పిల్లని చూడలేదు. తన చేతిని చూసుకుంది. ముడిచిన ఆ ఖాళీ చేతిని. అప్పుడే నాకు అర్థమైంది.

ఇంటికొచ్చాక నీలుకి అన్నం పెట్టి, టీవీ ముందు కూర్చోబెట్టి, వకుళని వంటింట్లోకి పిలిచాను.

"ఎన్నిసార్లు?" అన్నాను.

"మూడువేల ఎనిమిది వందలు."

"ఎప్పట్నించి తెలీడం లేదు?"

"బొత్తిగా తెలీనిది నెల్లాళ్ళ నుంచి," అని స్టవ్ గట్టు పట్టుకుని నిలబడింది. "చూసి పట్టుకుంటున్నాను అత్తయ్యా. ఇవాళ చూడలేదు."

అప్పుడు చెప్పింది. వాళ్ళ కంపెనీలో ఒక కట్టుబాటుందట, ఇంటి నుంచి ఏదీ తేకూడదని. తమ సొంతవి ఏవీ పట్టీకి ఎక్కించకూడదు. పాప చెయ్యి కోసం రబ్బరు చెయ్యి ఒకటి చేయించమన్నారు. మొదటిసారి డబ్బు పెట్టిన పెద్దవాళ్ళకి ఆట చూపించే రోజుకి అది రాలేదు. ఇలాంటప్పుడు వాళ్ళు చేతికి దొరికినదేదో ఆ చోట పెట్టి, దాని మీద 'తాత్కాలికం, తరవాత మార్చాలి' అని రాస్తారు. ఆ పని చేసేవాళ్ళందరికీ అది అలవాటే. వకుళ ఆ రోజు మా సోఫాలో కూర్చుని నీలు చెయ్యి పట్టుకుని ఎక్కించేసింది. రెండ్రోజులకని పెట్టింది. తరవాత రబ్బరు చెయ్యి వచ్చింది. దాన్ని పట్టుకున్నవాళ్ళందరూ, "ఇది కాదు, ఆ పాతదే బాగుంది" అన్నారు. ఆ పాతది ఎవరిదో వాళ్ళకి తెలియదు. వకుళ చెప్పలేదు. ఎనిమిది ఏర్లూ ఆ చేతి మీదే కట్టుకుంటూ పోయారు. తాత్కాలికం అన్న చీటీ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నాకూ గుర్తుంది. కరెంటు వస్తువు పిల్లకి తగిలిస్తోందని నేనే నీలు చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్ది కడిగి, పొడి తువ్వాలుతో తుడిచి పంపించాను.

"ఎందుకు చెప్పలేదే వాళ్ళకి?"

"చెబితే తీసేస్తారు. ఆ చెయ్యి లేకపోతే ఆ ఆటలో ఏమీ లేదు. ఇంకొన్నాళ్ళే కదా, ఇంకొన్నాళ్ళే కదా అనుకున్నాను," అని కొంగుతో కాదు, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. అరచేతిని వాడలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

మర్నాడు పొద్దున్న వకుళ వెనకాలే ఆటో ఎక్కి ఋషికొండ మీదికి వెళ్ళాను. రావద్దంది. నేను వింటానా? లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఒక తెల్లబోర్డు. పైన 'పోయినవి' అని రాసి ఉంది. కింద వరసగా: స్టీలు గ్లాసు చల్లదనం, వకుళ. టీ గ్లాసు వేడి, ఫిరోజ్. తడి ఇసుక, గౌరీశంకర్. పిల్లి వీపు, ఫిరోజ్. కొత్త పుస్తకం అంచు, వకుళ. ఇలాగ ఇరవై పైన ఉన్నాయి. ఒక్కటీ చెరిపినట్టు లేదు. దాని పక్కనే ఒక సన్నటి కుర్రాడు టీలో థర్మామీటరు ముంచి చూసుకుని, అప్పుడు తాగుతున్నాడు. అతనే ఫిరోజ్ అని వేరే చెప్పక్కర్లేకపోయింది.

"ఏటయ్యా ఇది? పోయినవి గోడకెక్కించుకుని మురిసిపోతున్నారా?" అన్నాను.

"మురిసిపోవడం కాదు ఆంటీ. ఎవరికి ఏది తెలీదో మిగతావాళ్ళకి తెలియాలి కదా. నాకు వేడి టీ ఎవరూ నేరుగా చేతికివ్వరు," అన్నాడు.

మా ఎక్స్ఛేంజిలో పన్నెండు మందిమి ఎడమ చెవులు పోగొట్టుకున్నాం, ఒకరిది ఒకరికి తెలియదు. అందరం గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం, అంతే.

కంపెనీ పెద్ద గౌరీశంకర్ వచ్చి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. "మీ ఆటలో పాప చెయ్యి నా మనవరాలిది," అన్నాను. "ఈ బోర్డు మీద అది రాయలేదు మా కోడలు. ఇప్పుడు రాయమనండి."

వకుళ తల వంచుకుని మార్కరు తీసుకుని, అన్నిటికన్నా కింద 'నీలు చెయ్యి, వకుళ' అని రాసింది. ఫిరోజ్ చేతిలో టీ అలాగే ఉండిపోయింది.

నేను పోట్లాటకి అన్నీ సిద్ధం చేసుకుని వచ్చాను. విడుదల దగ్గర పడింది, ఇప్పుడేం చెయ్యలేం అంటారు, అప్పుడు దులిపేద్దామని. గౌరీశంకర్ ఒక్క నిమిషం బోర్డు వైపు చూసి, "విడుదల ఆపేద్దాం. ఆ చెయ్యి తీసేద్దాం. వకుళా, నువ్వు పట్టీ ముట్టుకోవద్దు" అన్నాడు. పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. తిట్టడానికి ఎవరూ దొరక్కపోతే మనిషికి ఎంత ఇబ్బందో నాకు ఆ రోజు తెలిసింది. కుర్చీలో కూర్చున్నాను.

అప్పుడు వకుళ అంది, "తీసేద్దాం. ఆపొద్దు."

"తీసేసి దాని చోట ఏం పెడతాం?" అన్నాడు ఫిరోజ్.

"ఏమీ పెట్టొద్దు. ఆట మొదలయ్యే ముందు ఆడేవాళ్ళనే అడుగుదాం, మీవాళ్ళలో ఒకరి చెయ్యి పట్టుకోమని. పట్టీ ఒక్కసారి చదువుకుంటుంది. ఆటలో పాప చెయ్యి అదే అవుతుంది. నా కూతురి చెయ్యి వాళ్ళందరికీ ఎందుకు? ఎవరి ఇంట్లో వాళ్ళకి ఉన్నారు కదా."

"ఒక్కసారి చదివితే సరిగ్గా రాదు వకుళా. మనకి ఈ ఒక్క చెయ్యి రావడానికి మూడువేల ఎనిమిది వందలు పట్టింది."

"ఆ మూడువేల ఎనిమిది వందల్లో నేర్చుకున్నది నా దగ్గరే ఉందిగా. చెయ్యికే తెలీడం లేదు. తలకి తెలుసు."

నేను ఈ కథ చెప్పడం మొదలుపెట్టిందే ఈ మాట కోసం. తన పని మొత్తాన్ని చెత్తబుట్టలో వెయ్యమని తనే చెబుతూ, దాని కోసం పోగొట్టుకున్నదాన్ని మాత్రం వృథా పోనివ్వలేదు నా కోడలు.

అయితే ఒక చిక్కుంది. పట్టీ చదివింది సరిగ్గా ఉందో లేదో ఎవరు చెప్పాలి? నిజం చెయ్యి బాగా తెలిసినవాళ్ళు చెప్పాలి. కొత్తవాళ్ళకి పట్టీ ఇంకా అలవాటు ఉండదు, అది ఇచ్చిన ఏ చెయ్యైనా ఒకటే అనిపిస్తుందట. వాళ్ళ పద్నాలుగు మందికీ ఎన్నో పోయి చేతులు మొద్దుబారాయి. పైగా ఎవరూ ఇంటివి తేకూడదు.

"నేనున్నాను కదా," అన్నాను. "ఏడాదిన్నర నుంచి ఇంట్లో ఆ పట్టీ నాకు తగిలించి చూపిస్తూనే ఉన్నావు. రోజూ పొద్దున్న నీలు చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళేది నేను."

"వద్దు," అంది వకుళ. పెళ్ళై ఎనిమిదేళ్ళలో నా మీద గొంతు పెంచడం అదే మొదలు. "నాకు పోయింది చాలు. మీకూ పోతే దానికి ఎవరుంటారు?"

"నా చెవి పోయినప్పుడు నన్నెవరూ అడగలేదే. నాకే తెలీకుండా పోయింది. ఇది తెలిసి ఇస్తున్నాను. నా చెయ్యి, నా ఇష్టం."

ఫిరోజ్ మధ్యలో కలగజేసుకుని, అరవై సార్ల లోపల ఇంతవరకూ ఎవరికీ ఏమీ పోలేదనీ, ఆపైన చెప్పలేమనీ అన్నాడు.

"అయితే యాభై తొమ్మిది," అంది వకుళ. "యాభై తొమ్మిదికి రాకపోతే ఆటే మానేద్దాం. అరవయ్యోది అడగను."

ఆ సాయంత్రం నుంచీ బడి వదిలాక నేనూ నీలూ అక్కడికి వెళ్ళేవాళ్ళం. నా మణికట్టుకి పట్టీ, నీలు ఎదురుగా ఎత్తు స్టూలు మీద. తీరా చూస్తే మొదటి ఐదు రోజులూ వకుళ ఒక్కసారి కూడా పరీక్షించలేదు. నేల మీద కాగితాలు పరుచుకుని, మధ్యలో బాసింపట్టు వేసుకుని, ఏవో లెక్కలు వేసి కొట్టేసేది. ఇదివరకైతే ఒక ఆలోచన రాగానే తన చేతి మీదే చూసేసుకునేది, పోయిందేముంది, తన చెయ్యే కదా. ఇప్పుడు వచ్చిన ప్రతి ఆలోచనని నాలుగు వైపుల నుంచి పొడిచి చూసి, అది ఇంకా నిలబడితేనే నా చేతి దాకా రానిచ్చేది.

"పిలిచి కూర్చోబెట్టి ఏటమ్మా ఇది, పట్టు చీర కట్టుకుని పెళ్ళికొడుకు కోసం చూసినట్టుంది," అనేదాన్ని.

"ఇంకా కాదత్తయ్యా," అనేది తల ఎత్తకుండా.

ఆరో రోజు మొదటిసారి. నీలు చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలాను. తరవాత కళ్ళు మూసుకున్నాను. "ఇది చెయ్యి కాదు, గుత్తొంకాయ," అన్నాను. నీలు నవ్వి నవ్వి కిందపడి దొర్లింది. పదిహేడోసారికి చెయ్యే వచ్చింది గాని ఎవరిదో. ఇరవై తొమ్మిదికి నీలుదే, జ్వరం వచ్చిన రోజుది. ముప్పై ఎనిమిదికి వేళ్ళు కుదిరాయి, బరువు లేదు. ఫిరోజ్ ప్రతిదీ గోడ మీద గీత గీసి లెక్కపెట్టేవాడు. నలభై దాటాక గీత గీసే ముందు నా వంక చూసేవాడు. పొద్దున్న బడికి వెళ్ళేటప్పుడు నేను నీలు చెయ్యి పట్టుకుని పరీక్ష చేసుకునేదాన్ని, ఉందా, ఇంకా ఉందా అని. ఉంది. వకుళ మా పక్కన నడిచేది. నీలు రెండో చెయ్యి తన చేతిలో పెట్టుకుని, జారిందో లేదో కళ్ళతో చూసుకుంటూ నడిచేది. అది చూడలేక నేను ఎదురుగా సముద్రాన్ని చూసేదాన్ని.

విడుదలకి మూడు రోజులుందనగా యాభై ఒకటోసారి. కళ్ళు మూసుకున్నాను. నీలు చెయ్యి నా అరచేతిలో అటూ ఇటూ మెలితిరుగుతోంది. దానికి నిలకడ లేదు కదా. "కదలకే, మీ అమ్మ లెక్క తప్పుతుంది," అని కసిరాను. ఇంకా మెలితిరుగుతోంది. "చెబితే వినవేటే నువ్వు?" అన్నాను.

కళ్ళు తెరిచాను. స్టూలు ఖాళీగా ఉంది. నీలు ఎప్పుడో దిగి, వరండాలో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటోంది.

నేను వకుళ ముఖం చూశాను. ఆమె గోడ మీద గీతల వంక చూసి, "ఎనిమిది మిగిలాయి అత్తయ్యా" అంది. అని, అక్కడే కాగితాల మీద కూలబడి ఏడ్చింది. తన చేతికి మూడువేల ఎనిమిది వందలు పట్టిన పనిని నా చేతికి ఏదీ పోకుండా యాభై ఒకటికి తెచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఎంతమంది ఇంజనీర్లనో చూశాను. ఒక మనిషి చెయ్యిని మిగల్చడానికి ఇంత తెలివి ఖర్చుపెట్టినవాళ్ళని చూడలేదు. ఆ మాట ఆమెతో అన్నాను కూడా. నా నోటి నుంచి మెచ్చుకోలు అరుదు కాబట్టి ఇంకా ఏడ్చింది.

విడుదల రోజు పొద్దున్న పదకొండుకి అందరి ఇళ్ళవాళ్ళనీ పిలిచారు. నేను నీలుకి తలంటి, కొత్త గౌను తొడిగి, చేతులు సబ్బుతో తళతళలాడేలా కడిగి తీసుకెళ్ళాను. దారిలో మళ్ళీ అంటించుకుంటుందని తడి తువ్వాలు సంచిలో పెట్టుకున్నాను. అక్కడ ఇంకో పద్ధతి ఉంది. బోర్డు మీద ఎవరి పేరు ఎక్కువసార్లు ఉంటే వాళ్ళే మొదట ఆడాలి. అంటే వకుళ.

పెద్ద తెర ముందు కూర్చుని పట్టీ వేసుకుంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. 'మీవాళ్ళలో ఒకరి చెయ్యి పట్టుకోండి.' వకుళ నీలు చెయ్యి పట్టుకుంది. కింద ఒక సన్నటి గీత ఉంది, అది నిండాలి. నిండలేదు. 'చెయ్యి అందలేదు. ఇంకొకసారి పట్టుకోండి' అని వచ్చింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ అదే. మూడోసారి రెండు చేతులతోనూ పట్టుకుంది. చెయ్యి అందలేదు. ఆ మాట రాసింది ఆమే. తన చేతికి తెలియనిదాన్ని పట్టీ ఎక్కడ నుంచి చదువుతుంది?

చివరికి గౌరీశంకర్ మెల్లగా, "మీ అత్తగారి చెయ్యి పట్టుకో వకుళా" అన్నాడు. నేను లేచి చెయ్యి చాపాను. వకుళ నా వంక చూసి నవ్వింది. కళ్ళ నిండా నీళ్ళు.

నీలు మాత్రం చిన్నబుచ్చుకుంది. "నా చేతికేమైంది మామ్మా? నువ్వు కడిగావు కదా," అని మూతి ముడుచుకుని, గుంపులోంచి దూరి ఎటో పోయింది. నేను కుర్చీ దగ్గరికి వెళ్ళి వకుళ పక్కన కూర్చుని, పట్టీ సరిచేస్తున్నాను. నా చెయ్యి ఇంకా ఆమెకి ఇవ్వలేదు. ఇంతలో నీలు మా ఇద్దరి మధ్యలోంచి తల దూర్చి, "ఇంకోసారి అమ్మా, ఒక్కసారే" అని తల్లి అరచేతిలో తన చెయ్యి పెట్టేసింది.

వకుళ ఉలిక్కిపడింది. "ఏంటే ఇది, చెయ్యంతా జిగట," అని, ఆగిపోయింది.

తెర వైపు ఆమె చూడలేదు. మేమందరం చూశాం. గీత నిండుతోంది.

నీలు రెండో చేతిలో సగం తిన్న తాండ్ర ఉంది. నాకు ఒక్క క్షణంలో మొత్తం అర్థమైంది. ఆ రోజు సోఫాలో పట్టీకి ఎక్కింది, నేను సబ్బుతో రుద్ది, తువ్వాలుతో తుడిచిన చెయ్యి. మూడువేల ఎనిమిది వందల సార్లు అరిగిపోయింది అది. ఈ జిగట చేతిని ఎవరూ ఎక్కించలేదు, ఎవరూ అరగదియ్యలేదు. ఎప్పటికప్పుడు కడిగేస్తూ, నేనే దీన్ని తల్లి దాకా రానివ్వలేదు. తల్లి చేతికి ఇది కొత్త చుట్టం.

"తెలుస్తోందా?" అన్నాను.

"బొటనవేలి దగ్గర ఎక్కువ అంటుకుంది అత్తయ్యా," అంది వకుళ. అని నీలు చేతిని ముఖానికి ఆనించుకుంది. బుగ్గకి కూడా అంటుకుంది. తుడుచుకోలేదు.

ఆ పూట ఆమె ఎనిమిది ఏర్లూ దాటింది. ఒక్కసారి కూడా తన చేతి వంక చూసుకోలేదు. ఎనిమిదో ఏరు దాటి లేచాక, తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్ళింది. చెరిపేస్తుందనుకున్నాం అందరం. ఫిరోజ్ అయితే తడిగుడ్డ అందించబోయాడు కూడా. ఆమె గుడ్డ తీసుకోలేదు. ఇంజనీరు కదా, ఉన్నది ఉన్నట్టే రాయాలి. మార్కరు తీసి, తను రాసిన ఆఖరి వరస ముందు ఒక్క మాట చేర్చింది. ఇప్పుడు అక్కడ 'కడిగిన నీలు చెయ్యి, వకుళ' అని ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు దాటించింది వకుళే. నీలు చెయ్యి పట్టుకుని, ముందుకి చూస్తూ, ఏదో కబుర్లు చెబుతూ దాటించింది. నేను వెనకాల నడిచాను. తడి తువ్వాలు సంచిలోంచి తియ్యలేదు.